మోకాలి మార్పిడి ముందు కంప్యూటర్‌లోనే జరిగింది: అమ్మ ఆపరేషన్‌తో నా అనుభవం

అమ్మకు 67 ఏళ్లు, ఉండేది తెనాలిలో. రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగిపోయింది, కుడిది మరీ. ఆపరేషన్ జులైలో విజయవాడలో అయింది. నేను హైదరాబాద్‌లో సీటీ రేడియోగ్రాఫర్‌ని. స్కాన్ తీయడం నా రోజువారీ పనే గానీ, ఆ బొమ్మలతో సర్జన్లు ఏం చేస్తారో మొదటి నుంచి చివరి దాకా చూడడం ఇదే. రోబో ఆపరేషన్ అనగానే బంధువులంతా థియేటర్‌లో ఉండే మెషీన్ చెయ్యి గురించే అడుగుతున్నారు. ఖర్చు, ఆలస్యం, చికాకు, చివరికి ఫలితం కూడా చాలావరకు దానికి ముందున్న ప్లానింగ్‌లోనే తేలిపోతాయి. అందుకే ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను.

జూన్ 9న మొదటిసారి చూపించాం. డాక్టర్ గారు ఎమ్మారై అడగలేదు. అప్పటికే తీయించుకుని పట్టుకెళ్లిన మోకాలి ఎక్స్‌రేలు పక్కన పెట్టి స్కానోగ్రామ్ రాశారు. తుంటి నుంచి చీలమండ దాకా రెండు కాళ్లూ ఒకే బొమ్మలో, నిలబెట్టి తీసే పొడవాటి ఎక్స్‌రే అది. మాకు 1,400 రూపాయలు తీసుకున్నారు. పడుకోబెట్టి తీస్తే పనికిరాదు. బరువు పడితేనే కాలు ఎంత వంగుతోందో తెలుస్తుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. టెక్నీషియన్ అలవాటుగా "పాదాలు నేరుగా పెట్టమ్మా" అంటాడు. నేరుగా ఉండాల్సింది పాదాలు కాదు, మోకాలి చిప్పలు. దొడ్డికాళ్ల వాళ్లు పాదాలు నేరుగా పెడితే మోకాలు లోపలికో బయటికో తిరుగుతుంది, కొలిచే కోణం తప్పు వస్తుంది. అమ్మ కుడి కాలి మీద బరువు వేయలేక ఎడమ పక్కకు ఒరిగిపోతుంటే పక్కనున్న కడ్డీ పట్టుకోమన్నారు. మోకాలి పక్కన, ఎముక ఉన్న ఎత్తులోనే, 25 మి.మీ. లోహపు గోళీ ఒకటి ప్లాస్టర్‌తో అంటించారు. ఎక్స్‌రేలో ఎముక అసలు సైజు కంటే పెద్దగా పడుతుంది. ఆ గోళీ ఎన్ని మి.మీ. పడిందో చూసి, ఆ లెక్కన మిగతా కొలతలన్నీ తగ్గించుకుంటారు. గోళీ లేనిచోట పది రూపాయల బిళ్ల పెట్టినా లెక్క కుదురుతుంది, దాని వ్యాసం 27 మి.మీ. కాకపోతే అదీ ఎముక ఎత్తులోనే ఉండాలి.

ఆ బొమ్మ మీద తుంటిలో ఉండే తొడ ఎముక గుండు మధ్య నుంచి మోకాలి మధ్యకు ఒక గీత, అక్కడి నుంచి చీలమండ మధ్యకు ఇంకో గీత గీస్తారు. రెండు గీతల మధ్య కోణం 180 డిగ్రీలైతే కాలు తిన్నగా ఉన్నట్టు. అమ్మకు 167 వచ్చింది, అంటే 13 డిగ్రీల వంకర. అందులో కొంత మోకాలి అరుగుదల, కొంత పాత విరుపు. 2009లో ఆటో బోల్తా పడి కుడి తొడ ఎముక మధ్యలో విరిగితే ప్లేటు వేశారు. ఎముక అతుక్కుంది గానీ కొద్దిగా విల్లులా బయటికి వంగి అతుక్కుంది. ప్లేటు, స్క్రూలు ఇంకా లోపలే ఉన్నాయి.

కంప్యూటర్ ప్లానింగ్ అవసరం పడింది కూడా ఇందుకే. మామూలు పద్ధతిలో మోకాలి వైపు నుంచి తొడ ఎముక లోపలి గుల్లలోకి పొడవాటి రాడ్ దించి, దానికి ఐదారు డిగ్రీల కోణంలో కోత చట్రం బిగిస్తారు. ఎముక తిన్నగా ఉన్నవాళ్లకు అది చక్కగా పనిచేస్తుంది. అమ్మ విషయంలో ప్లేటు స్క్రూలు ఆ గుల్లకు అడ్డంగా ఇటు నుంచి అటు దిగి ఉన్నాయి, రాడ్ వెళ్లే దారి లేదు. ప్లేటు తీయాలంటే అదొక పెద్ద ఆపరేషన్. తీసినా వంపు ఎక్కడికీ పోదు, రాడ్ చూపే దిశ తప్పే అవుతుంది. ఇలాంటి కారణం లేనివాళ్లకు రోబో తప్పనిసరని నేననను. ఏ అడ్డూ లేని మోకాళ్లకు చేయి తిరిగిన సర్జన్ మామూలు పనిముట్లతో చేసిన ఆపరేషన్లు ఏళ్ల తరబడి బాగా నడుస్తున్నాయి.

"మర మనిషి కోస్తాడా బాబూ?" అని అమ్మ అడిగింది. వారం నుంచి ఆమెను తొలుస్తున్న భయం అదే. "కోసేది నేనేనమ్మా. నేను గీత దాటితే అది నా చెయ్యి పట్టుకుంటుంది, అంతే" అన్నారు డాక్టర్ గారు. బయటికొచ్చాక "అయితే గీత గీసేదెవరు?" అని నన్నడిగింది. అసలు ప్రశ్న అదే.

రోబో మెషీన్ పేరు ముందే కనుక్కోవడం మంచిది, ఎందుకంటే అన్నిటికీ సీటీ అక్కర్లేదు. మాకో (Mako), క్యూవిస్ లాంటివి సీటీ మీద ప్లాన్ చేస్తాయి. కోరి (CORI), వెలీస్ లాంటివి స్కాన్ లేకుండా, థియేటర్‌లోనే ఎముక మీద పాయింట్లు తాకించి బొమ్మ తయారు చేసుకుంటాయి. రోసాకు ఎక్స్‌రేలతో కూడా పని జరుగుతుంది. ఏది గొప్పదన్న వాదనలోకి నేను వెళ్లను. మీకు సీటీ ఖర్చు, సీటీ తిప్పలు ఉంటాయా లేదా అన్నది మాత్రం దీన్నిబట్టే ఉంటుంది.

ఇన్సూరెన్స్ పని ముందే మొదలుపెట్టాం, అయినా అక్కడే ఎక్కువ రోజులు పోయాయి. రోబోటిక్ సర్జరీని పాలసీ నుంచి పూర్తిగా తీసేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లోనే చెప్పింది. అయితే దానికి విడిగా పరిమితి పెట్టుకునే వీలు కంపెనీలకు ఉంది. మా పాలసీలో ఆ పరిమితి లక్ష రూపాయలు. ఆసుపత్రి వాళ్లు ఫారంలో "రోబోటిక్ మోకాలి మార్పిడి" అని ఒకే ముక్కగా రాస్తే, మొత్తం ఆపరేషన్‌కు లక్షే ఇస్తామని టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) నుంచి జవాబొచ్చింది. తర్వాత ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కులో అమ్మాయి సలహాతో ఫారం మార్చారు. మోకాలి మార్పిడి మామూలుగా, రోబో చార్జీ వేరే వరుసగా చూపించి, స్క్రూలు అడ్డం ఉన్నందున రాడ్ వాడే వీలు లేదని డాక్టర్ గారి లెటర్, స్కానోగ్రామ్ కాపీ జత చేశారు. జూన్ 28న మార్పిడి వరకు అనుమతి వచ్చింది. రోబో చార్జీ 55,000 మా చేతి నుంచే. అది ముందే తెలిసింది కాబట్టి డిశ్చార్జ్ రోజు గొడవ లేదు. మీ పాలసీ పత్రంలో "ఆధునిక చికిత్సలు" అన్న పట్టిక ఉంటుంది, ఆసుపత్రి మెట్లెక్కే ముందే దాన్ని చదవండి.

ఇక సీటీ. జులై 1న అమ్మను తమ్ముడు ఇంటికి దగ్గర్లోని ఒక డయాగ్నోస్టిక్ సెంటర్‌కు తీసుకెళ్లాడు. ఆసుపత్రి ఇచ్చిన ప్రొటోకాల్ కాగితం చేతిలోనే ఉంది. అక్కడి టెక్నీషియన్ కాగితం చూసి తుంటి, మోకాలు, చీలమండ అని మూడు పేర్లు కనబడగానే మూడు వేర్వేరు స్కాన్లుగా తీసేశాడు. తుంటి అయ్యాక అమ్మను లేపి కూర్చోబెట్టి, మళ్లీ పడుకోబెట్టి మోకాలు తీశాడు. బిల్లు కూడా మూడింటికీ కలిపి 6,000. రెండు రోజుల తర్వాత ఆసుపత్రి నుంచి ఫోను: స్కాన్ పనికిరాదు, మళ్లీ తీయాలి.

ఎందుకు పనికిరాదో చెప్తాను. బొమ్మల నాణ్యతలో లోపమేమీ లేదు, రోగ నిర్ధారణకైతే భేషుగ్గా పనికొస్తాయి. కానీ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌కు కావాల్సింది విడివిడి కీళ్ల బొమ్మలు కాదు, తొడ ఎముక గుండు మధ్య బిందువు మోకాలికి ఎంత దూరంలో, ఏ దిక్కున ఉందో. ఆ లెక్క కుదరాలంటే మూడు భాగాలూ ఒకే పడకలో, ఒకే టేబుల్ ఎత్తులో, ఒకే కొలతల చట్రంలో రావాలి. మధ్యలో టేబుల్‌ను సున్నాకు తెచ్చినా, కొత్త స్కౌట్ (స్కాన్‌కు ముందు హద్దులు చూసుకోవడానికి తీసే బొమ్మ) తీసినా, బొమ్మ వెడల్పు మార్చినా, మనిషి కాలు కదిపినా ఆ లంకె తెగిపోతుంది. తుంటి ఒక లోకంలో, మోకాలు ఇంకో లోకంలో ఉంటాయి. తెగిన లంకెతో ప్లాన్ చేస్తే స్క్రీన్ మీద అంతా అందంగానే కనబడుతుంది, కోత మాత్రం తప్పు కోణంలో పడుతుంది. కాబట్టి వెనక్కి పంపడమే న్యాయం. ఆ ఆరు వేలు మాత్రం తిరిగి రాలేదు.

నాకు కోపం వచ్చింది డబ్బుకంటే అమ్మకు రెండోసారి రేడియేషన్ పడుతున్నందుకు. మోకాలికి, చీలమండకు పడేది చాలా తక్కువ, తుంటి దగ్గరే ఎక్కువ, అక్కడ పొత్తికడుపు అవయవాలు దారిలో ఉంటాయి. ఈ వయసులో అదేమీ పెద్ద ప్రమాదం కాదని నాకు తెలుసు. అయినా అనవసరంగా పడిందన్న బాధ పోలేదు.

రెండో స్కాన్ జులై 4న ఆపరేషన్ చేసే ఆసుపత్రిలోనే, 4,500 రూపాయలు. సెలవు పెట్టి వెళ్లాను. పరగడుపున ఉండక్కర్లేదు, ఇంజెక్షన్ లేదు. పట్టీలు తీయించారు, మెట్టెలూ తీయమన్నారు. మెట్టెలు తీయడానికి అమ్మ ఒప్పుకోలేదు, నూనె రాసినా రాలేదు. చీలమండ వరకే స్కాన్ కాబట్టి వదిలేశారు. మొలతాడుకు కట్టుకున్న రాగి తాయెత్తు మాత్రం తుంటి దగ్గరికి వస్తుందని తీయక తప్పలేదు. తొడ మధ్యలో ఉన్న ప్లేటు ఏమవుతుందోనని తమ్ముడు అడిగాడు. ఆ భాగం స్కాన్‌లోకే రాదు. తుంటి గుండు చుట్టూ కొంత, మోకాలికి పైనా కిందా పది సెంటీమీటర్లు, చీలమండ గిలకలు, అంతే. ప్లేటు కింది చివర మోకాలికి దగ్గరగా ఉండి ఉంటే లోహపు చారలు పడి ఎముక అంచు కనబడేది కాదు.

కుడి కాలి పక్కన తొడ నుంచి పాదం దాకా సన్నటి ప్లాస్టిక్ కడ్డీ ఒకటి పట్టీలతో కట్టారు. కాలు కదిలిందో లేదో పట్టించేది అదే. స్కాన్ అయ్యాక కడ్డీ బొమ్మ మూడు చోట్లా ఒకే వరుసలో తిన్నగా కనబడాలి. వంకర పోయినా, మెట్టులా విరిగినట్టు కనబడినా కాలు కదిలినట్టే. అమ్మ మోకాలు పూర్తిగా చాపుకోదు, పదిహేను డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. బలవంతంగా నొక్కితే నొప్పికి వణుకుతుంది, వణికితే స్కాన్ పోతుంది. అందుకని మోకాలి కింద స్పాంజి పెట్టి, చిప్ప పైకి ఉండేలా పాదాన్ని అటూ ఇటూ ఇసుక సంచులతో ఆపి, పైన టేపు వేశారు. కొద్దిగా వంగి ఉన్నా పర్వాలేదు, కదలకపోవడమే ముఖ్యం. ఎక్స్‌రే పడేది కొన్ని సెకన్లే, సర్దడానికే పది నిమిషాలు పట్టింది. మోకాలి దగ్గర 1 మి.మీ. ముక్కలు, తుంటి, చీలమండల దగ్గర కొంచెం మందమైనవి.

సీడీ తీసుకునేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, అందులో ఉన్నవి డైకామ్ ఫైళ్లు, అంటే స్కాన్ మెషీన్ ఇచ్చే అసలు ఫైళ్లు, కావాలి. ఫిల్ము, వాట్సాప్‌లో వచ్చే జేపెగ్ బొమ్మలు దేనికీ పనికిరావు. తుంటి, మోకాలు, చీలమండ మూడు సిరీస్‌లూ ఉన్నాయో లేదో అక్కడే కంప్యూటర్‌లో తెరిపించి చూడండి. రెండోది పేరు. ఆసుపత్రి రికార్డులో ఆధార్ ప్రకారం ఇంటిపేరు మొదట పూర్తిగా ఉంది, సీటీ గదిలో పొట్టి అక్షరంతో కొట్టబోయారు. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1, అమ్మ నోటితో చెప్పింది వేరే. ప్లాన్ ఫైలు ఫలానా మనిషి ఫలానా కాలికి చెందినదని సరిపోల్చేది ఈ పేరు, తేదీతోనే. తేడా వస్తే పని ఆగిపోతుంది, ఆగాలి కూడా.

తర్వాత ఎదురుచూపు. స్కాన్‌లోని ప్రతి ముక్క మీదా ఎముక అంచు గీసి, తొడ ఎముక ఒకటి, మోకాలి కింద ఉండే కాలి ఎముక ఒకటిగా విడదీసి త్రీడీ బొమ్మ చేస్తారు. కొంత సాఫ్ట్‌వేరే చేస్తుంది, అరిగిపోయి ఎముకకు ఎముక ఆనుకున్న చోట మనిషి కూర్చుని సరిచేయాలి, లేకపోతే రెండూ ఒకే ముద్దగా వస్తాయి. మాకు మూడు రోజులు పట్టింది. ఈలోగా షుగర్, గుండె, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ పరీక్షలు, పళ్ల డాక్టర్ చెకప్ అయిపోయాయి.

జులై 8 రాత్రి ఓపీ ముగిశాక ప్లాన్ చూస్తానని డాక్టర్ గారు చెప్పారు. రేడియోగ్రాఫర్‌ననే చనువుతో నేనూ కూర్చుంటానని అడిగితే సరేనన్నారు, అమ్మను కూడా పిలిచారు. స్క్రీన్ మీద తన ఎముక గుండ్రంగా తిరుగుతుంటే అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇది నాదేనా? ఇంత గరుకుగా ఉందేంట్రా?" అంది చివరికి. అంచుల వెంబడి పెరిగిన ఎముక ముళ్లు అవి, లోపలి వైపు వరుసగా చింతపిక్కల్లా ఉన్నాయి. ఇన్నేళ్లు నొప్పి అంటే తను ఎక్కువ చేసి చెప్తోందని ఇంట్లో కొందరు అనుకునేవాళ్లు. ఆ బొమ్మ చూశాక ఆమె ముఖంలో భయంకంటే ఊరటే ఎక్కువ కనిపించింది.

రోబో కంపెనీ తరఫు ప్లానింగ్ కుర్రాడు ముందే ఒక ముసాయిదా వేసి ఉంచాడు. తుంటి గుండు మధ్య, మోకాలి మధ్య, తొడ ఎముక రెండు పక్కల బుడిపెలు, చీలమండ గిలకలు ఇవన్నీ బిందువులుగా గుర్తు పెట్టాడు. డాక్టర్ గారు ఇంప్లాంట్ (లోపల అమర్చే కృత్రిమ కీలు) జోలికి వెళ్లకుండా ముందు ఈ బిందువులనే ఒక్కొక్కటిగా మళ్లీ చూశారు. లోపలి బుడిపెను రెండు మి.మీ. జరిపారు. అది తప్పితే ఇంప్లాంట్ తిరిగే కోణం తప్పుతుంది, చిప్ప సరిగ్గా జారదు. "ఇక్కడ తప్పు చేస్తే తర్వాత అంతా చక్కగా తప్పు చేస్తాం" అన్నారాయన.

మొదటి ప్రశ్న సైజు. ముసాయిదాలో ఇంప్లాంట్ తొడ భాగానికి 3వ సైజు పెట్టారు. ముందు నుంచి వెనక్కి సరిపోయింది గానీ లోపలి పక్క ఎముక దాటి రెండు మి.మీ. బయటికి వచ్చింది. ఆ అంచు మెత్తటి కండకు ఒరుసుకుని ఎప్పటికీ నొప్పి పెడుతుంది. 2వ సైజు పెడితే పక్కలకు సరిపోయింది, కానీ ముందు వైపు కోత తొడ ఎముక పై పెంకులోకి దిగుతోంది. అలా గాటు పడితే అక్కడ ఎముక బలహీనమై తర్వాత విరిగే ప్రమాదం ఉంది. అమ్మకు అదే ఎముకలో పైన పాత ప్లేటు ఉంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. చివరికి 2నే ఉంచి మూడు డిగ్రీలు ముందుకు వంచారు, గాటు పోయింది. పొట్టిగా, సన్నగా ఉండే మన ఆడవాళ్లకు చిన్న సైజులు తరచూ పడతాయి, ఆసుపత్రి అలమరలో అవి ఉన్నాయో లేదో ముందే తెలియడం ప్లానింగ్‌తో వచ్చే పెద్ద లాభం. అనుకున్న సైజుతోపాటు ఒకటి పైది, ఒకటి కిందిది తెప్పించమని అప్పుడే రాశారు.

రెండోది తొడ ఎముక కింది కోత. వంపు వల్ల, తుంటి-మోకాలి గీతకు లంబంగా కోస్తే బయటి పక్క 9.5 మి.మీ., లోపలి పక్క 6.5 మి.మీ. పోతోంది. బయటి పక్క ఎక్కువ పోతుంటే చూడాల్సింది ఎముకలను కలిపి పట్టుకునే అక్కడి లిగమెంట్ ఎక్కడ అతుక్కుని ఉందో. కోత అక్కడిదాకా వెళ్తే లిగమెంట్ తెగుతుంది. అలాంటప్పుడు మోకాలి దగ్గర సరిచేయడం కుదరదు, వంపు ఉన్న చోటే ఎముక కోసి తిన్నగా చేయాలి. అమ్మకు కోత గీత నుంచి లిగమెంట్ దాకా ఇంకా ఒకటిన్నర సెంటీమీటర్లు మిగిలింది. విరుపు ఎముక మధ్యలో ఉండడం అదృష్టం. అదే మోకాలికి దగ్గరగా ఉండి ఉంటే అంతే వంపుకు ఇంకా ఎక్కువ కోయాల్సి వచ్చేది.

మూడోది కాలి ఎముక. బాగున్న బయటి పక్క నుంచి 7 మి.మీ. కింద గీత పెట్టారు. లోపలి పక్క అరిగి గుంట పడింది కదా, ఆ గుంట అడుగు గీతకు ఇంకా రెండు మి.మీ. కిందే ఉండిపోయింది. గీతను దించితే గుంట పోతుంది, కానీ కిందికి వెళ్లేకొద్దీ ఎముక మెత్తన. డాక్టర్ గారు దించలేదు, లోపలికి రెండు డిగ్రీలు వాల్చారు. గుంట అడుగు దాదాపు గీత దగ్గరికి వచ్చేసింది. వెనక మూల మిగిలిన కాస్తా సిమెంట్‌తో నిండుతుంది. అంటే కాలు 180కి కాకుండా 178కి వస్తుంది. "పూర్తిగా తిన్నగా చేయరా?" అని అడిగాను. సహజంగానే కొద్దిగా దొడ్డికాలు ఉన్న మనిషికి గీత గీసినట్టు తిన్నగా చేస్తే లోపలి లిగమెంట్ కోసి వదులు చేయాల్సి వస్తుందని, రెండు మూడు డిగ్రీలు ఉంచితే లిగమెంట్లను ముట్టుకోనక్కర్లేదని ఆయన లెక్క. అందరు సర్జన్లూ ఇందులో ఏకాభిప్రాయంతో లేరు, 180కే చేసేవాళ్లూ ఉన్నారు. మీ డాక్టర్ ఎటు వైపో అడిగి తెలుసుకోండి, అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

అంతా కలిపి నలభై నిమిషాలు. లేచేముందు డాక్టర్ గారు ఒక మాట చెప్పారు: సీటీలో ఎముకే కనబడుతుంది, గుజ్జు కనబడదు, లిగమెంట్ ఎంత బిగువో అసలే కనబడదు. కాబట్టి ఇది సగం ప్లానే, మిగతా సగం థియేటర్‌లో.

జులై 11 ఉదయం 8 గంటల ప్రాంతంలో లోపలికి తీసుకెళ్లారు. లోపల జరిగింది తర్వాత ఆయన చెప్పినదాన్నిబట్టి, ఇచ్చిన రిపోర్టును బట్టి రాస్తున్నాను. తొడ ఎముకకు రెండు, కాలి ఎముకకు రెండు పిన్నులు దించి వాటికి గుర్తుల చట్రాలు బిగిస్తారు, కెమెరా వాటినే చూస్తుంటుంది. తొడ పిన్నులు ప్లేటు కింది స్క్రూకు దూరంగా పడాలి కాబట్టి ఆ దూరం ముందు రోజే ఎక్స్‌రే మీద కొలిచి పెట్టుకున్నారు. తర్వాత కంప్యూటర్ ఎముకను, అసలు ఎముకను కలపాలి. మొన తేలిన పుల్లతో ఒక్కో ఎముక మీద నలభై చోట్ల తాకిస్తారు. మొన ఎందుకంటే, మిగిలి ఉన్న గుజ్జును గుచ్చుకుని ఎముక దాకా వెళ్లాలి. గుజ్జు మీదే ఆగితే సీటీ బొమ్మతో తేడా వస్తుంది, హద్దు దాటితే మెషీన్ ఒప్పుకోదు, మళ్లీ మొదటి నుంచి.

ఎముక ముళ్లు తీసేశాక కాలు చాపి ఒకసారి, తొంభై డిగ్రీలు వంచి ఒకసారి, అటూ ఇటూ లాగి ఖాళీ ఎంతుందో కొలిచారు. తొడ భాగం లోహం, కింది ప్లాస్టిక్ పలక కలిపి సుమారు 18 మి.మీ. చోటు కావాలి. చాపినప్పుడు బయటి పక్క 19, లోపలి పక్క 17 వచ్చింది. లిగమెంట్ కోయలేదు, స్క్రీన్ మీద తొడ భాగాన్ని ఒక డిగ్రీ వాల్చారు. తేడా ఒక మి.మీ.కు తగ్గింది, అది చాలన్నారు. ఆ తర్వాతే రంపం. ప్లాన్‌లో గీసిన హద్దు దాటబోతే అది ఆగిపోతుంది. ఆపరేషన్ అయ్యాక అడిగితే ఇచ్చిన ప్రింటులో జులై 8 రాత్రి ప్లాన్, చివరి ప్లాన్ పక్కపక్కన ఉన్నాయి: 178, 177. సైజులు మారలేదు, 9 మి.మీ. పలక వేశారు. ఈ ప్రింటు మీరూ అడిగి తీసుకోండి.

గంటన్నర అన్నారు, బయటికొచ్చేసరికి 10:20 దాటింది. ఆ ఆఖరి అరగంట తమ్ముడు కారిడార్లో కూర్చోలేకపోయాడు. పాయింట్లు తాకించడానికే అదనంగా పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుందని ముందే చెప్పి ఉంటే అంత కంగారు ఉండేది కాదు.

బిల్లు మొత్తం 2,68,000 చిల్లర. ఇంప్లాంట్ వరుస ఒక్కటీ జాగ్రత్తగా చూడండి. 2017 ఆగస్టులో మందుల ధరలు నియంత్రించే సంస్థ ఎన్‌పీపీఏ మోకాలి ఇంప్లాంట్ ధరలకు పరిమితి పెట్టినప్పుడు మామూలు కోబాల్ట్ క్రోమియం సెట్టుకు 54,720, దానిపై జీఎస్టీ అని నిర్ణయించింది. అది నాలుగు ముక్కల మొత్తం: తొడ భాగం 24,090, కింది పళ్లెం 16,990, ప్లాస్టిక్ పలక 9,550, చిప్ప వెనక బిళ్ల 4,090. అమ్మకు చిప్ప బిళ్ల వేయలేదు. ముసాయిదా బిల్లులో మాత్రం సెట్టు మొత్తం వేశారు. కేసుషీట్‌లో అంటించిన ఇంప్లాంట్ స్టిక్కర్లు మూడే ఉన్నాయని చూపిస్తే మారుమాట లేకుండా తీసేశారు. రోబో చార్జీకి మాత్రం ఇలాంటి పరిమితి ఏదీ వర్తించలేదు, ఎంత అడిగితే అంత.

మర్నాడే వాకర్‌తో నడిపించారు. అమ్మ మోకాలి కోతకంటే, మోకాలి కింద కాలి ఎముకలో పిన్నులు దించిన రెండు చిన్న గాట్లే ఎక్కువ సలుపుతున్నాయంది. ఎముకలో రంధ్రాలు కదా, కొన్ని వారాలు ఉంటుందట. ఆ చోట దెబ్బ తగలకుండా, కాలు మెలిపడకుండా చూసుకోమన్నారు, పిన్ను రంధ్రం దగ్గర ఎముక చిట్లడం అరుదుగా జరుగుతుందట. నాలుగో రోజు డిశ్చార్జ్. అప్పటికి మోకాలు తొంభై వంగింది. చాపడమే కష్టమైంది. ఏళ్ల తరబడి పదిహేను డిగ్రీల దగ్గర ఆగిపోయిన కాలు కదా. మడమ కింద దుప్పటి చుట్ట పెట్టి మోకాలిని కిందికి నొక్కే వ్యాయామానికి ఆమె తిట్టని తిట్టు లేదు. ప్లాన్ అర మి.మీ.ల లెక్కన ఎంత బాగా చేసినా ఈ పని తగ్గలేదు. పొరుగున ఉన్న పిన్నిగారు మామూలు పద్ధతిలో చేయించుకున్నప్పుడు పడిన పాట్లే ఇవీనూ.

ఆరు వారాలకు మళ్లీ నిలబెట్టి స్కానోగ్రామ్ తీశారు. 177.

ఎడమ మోకాలు సంక్రాంతి తర్వాత చేద్దామన్నారు. దానికి మళ్లీ సీటీ కావాలి, ఎందుకంటే జులైలో తీసింది కుడి కాలు ఒక్కటే. రెండూ కొన్ని నెలల తేడాలో చేయించుకోబోతున్నారని ముందే తెలిస్తే, ఒకే పడకలో రెండు కాళ్లూ తీయించే వీలుందేమో స్కాన్ రాసేటప్పుడే డాక్టర్‌ను అడగండి. మాకు అప్పుడు ఎడమది తేలలేదు. ఈసారి సీటీ ఆసుపత్రిలోనే. పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించాలని తమ్ముడికి చెప్పాను, మెట్టెలు తీయనని అమ్మ ఇప్పుడే చెప్పేసింది.